విడుదల కాగితం

1853 వసంతం. లండన్‌ గోవర్ స్ట్రీట్‌లోని ఇంట్లో జాన్ ఎవరెట్ మిలే కుంచె పట్టుకుని ఒక ముఖంతో కుస్తీ పడుతున్నాడు. మే నెలలో రాయల్ అకాడమీ ప్రదర్శన. గడువు ముంచుకొస్తోంది. ఎదురుగా కూర్చున్నావిడ పేరు ఎఫీ. వయసు 24, అతనికంటే ఏడాది పెద్ద. పొద్దున వచ్చి కూర్చుంటే చీకటి పడేదాకా కదలడానికి లేదు. తన తల గీయడం అతనికి మహా కష్టంగా ఉందని తల్లికి ఉత్తరం కూడా రాసింది.

ఆమె కూర్చున్నది ఒక ఖైదీ భార్యగా. 1746 ఏప్రిల్ 16న స్కాట్లండ్‌లోని కల్లోడెన్ మైదానంలో జాకొబైట్ల సైన్యం గంటలోపే చితికిపోయింది. స్టూవర్ట్ వంశాన్ని మళ్లీ గద్దె ఎక్కించాలని కత్తి పట్టినవాళ్లు వెయ్యిమందికి పైగా అక్కడే నేలకొరిగారు. పారిపోయినవాళ్లను వేటాడారు. 3,000 మందికి పైగా చెరసాలల పాలయ్యారు. కొందరికి ఉరి, వందలమందికి సముద్రాల అవతల ప్రవాసం. కొండసీమ మగవాళ్లు తమ గళ్లబట్ట కట్టడమే నేరమంటూ ఆ ఏడే చట్టం వచ్చింది. మిలే ఆ రణరంగం జోలికి పోలేదు. ఆ తర్వాత ఒకానొక జైలు గుమ్మం దగ్గర ఆగాడు. చిత్రం పేరు ‘విడుదల ఉత్తర్వు, 1746’.

ఎర్రకోటు కాపలాదారు కాగితం అందుకుని చదువుకుంటున్నాడు. అది తెచ్చిన మనిషి కాళ్లకు చెప్పుల్లేవు. చంకన బిడ్డ ఆదమరిచి నిద్రపోతోంది. చేతికి కట్టుతో ఉన్న భర్త ఆమె భుజం మీద తల వాల్చేశాడు, ముఖం మనకు సరిగా కనబడదు. కుక్క ఒక్కటే సంబరం పట్టలేక మీదికి ఎగబాకుతోంది. ఆమె మాత్రం ఏడవడం లేదు, నవ్వడం లేదు. ఆ కాగితంలో ఇంకేం వంక పెడతారో అన్నట్టు నిటారుగా నిలబడింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన భర్తను చూసి భార్య పరుగున వెళ్లి మెడకు చుట్టుకుపోయే బొమ్మలకు లోకంలో కొదవ లేదు. కానీ చెరలో ఉన్నవాణ్ణి విడిపించుకోవడానికి వచ్చిన ఇల్లాలికి ఏడ్చే తీరిక ఎక్కడిది? ఎన్ని గడపలు తొక్కిందో, ఎందరి కాళ్లు పట్టుకుందో, అదంతా ఆ ముఖంలోనే ఉంది. నా దృష్టిలో ఆ బొమ్మలో వీరుడు ఆవిడే.

ఎఫీది బంగారు ఛాయలున్న ఎర్రజుట్టు. మిలే దాన్ని నల్లగా మార్చాడు. ముఖం మాత్రం ఆమెదేనని తెలిసినవాళ్లందరికీ తెలుసు. ఎందుకంటే ఆవిడ జాన్ రస్కిన్ భార్య. ఆ కాలపు ఇంగ్లండులో చిత్రకళ మీద రస్కిన్ మాటంటే మాటే. రెండేళ్ల క్రితం మిలేనూ అతని మిత్రులనూ పత్రికలు ఏకిపారేస్తుంటే, టైమ్స్‌కు లేఖలు రాసి వెనకేసుకొచ్చినవాడు ఆయనే.

ప్రదర్శనలో జనం విరగబడ్డారు. గుంపును కదిలించడానికి ఆ చిత్రం ముందు పోలీసును నిలబెట్టాల్సి వచ్చిందని చెబుతారు. వాళ్లలో ఎంతమందికి తెలుసు, ఆ ముఖం వెనక ఏముందో? 1848 ఏప్రిల్‌లో ఎఫీకీ రస్కిన్‌కూ పెళ్లయింది. అయిదేళ్లయినా వాళ్లది పేరుకే కాపురం. భర్త ఆమెను భార్యగా దగ్గరకు తీసిందే లేదు.

ఆ వేసవిలో రస్కిన్ దంపతులతో కలిసి మిలే స్కాట్లండ్‌లోని గ్లెన్‌ఫిన్లాస్ వెళ్లాడు. ఏటి ఒడ్డున రస్కిన్‌ను నిలబెట్టి చిత్రం మొదలుపెట్టాడు. అక్కడే ఎఫీ కష్టం అతనికి అర్థమైంది. మిగతాది త్వరగానే జరిగిపోయింది. 1854 ఏప్రిల్ 25న పుట్టింటికి వెళ్లొస్తానని ఎఫీ రైలెక్కింది. భర్త స్టేషన్‌దాకా వచ్చి సాగనంపాడు. ఆ తర్వాత రస్కిన్ తల్లికి ఒక పొట్లం చేరింది. విప్పితే లోపల పెళ్లి ఉంగరం, తాళం చెవులు, ఇంటి పద్దుల పుస్తకం. జూలైలో ఆ పెళ్లి చెల్లదని తీర్పు వచ్చింది. మరుసటి ఏడు జూలై 3న, పెర్త్‌లోని పుట్టింట్లోనే ఎఫీ మిలేను పెళ్లాడింది.

1856లో ఆమె మళ్లీ సైనికుడి భార్యగా కూర్చుంది. ఈసారి యుద్ధం క్రిమియాది. తోటివాళ్లు చలికీ రోగాలకూ రాలిపోతుంటే, సొంత పనులున్నాయని సెలవు పెట్టి ఇంటికొచ్చేసిన అధికారుల మీద జనం మండిపడుతున్న కాలం. మిలే మొదట గీయబోయింది అలాంటివాణ్ణే. ఇంతలో మార్చి 30న పారిస్ ఒప్పందం కుదిరింది. దాంతో కథ మార్చి, బొమ్మలోని మనిషిని గాయపడి తిరిగొచ్చిన అధికారిగా చేశాడు. చేతికి టైమ్స్ పత్రిక ఇచ్చాడు. పక్కన చేరిన పిల్లల ఆటబొమ్మల్లో సింహం, ఎలుగుబంటి, కోడిపుంజు, టర్కీకోడి ఉన్నాయి. బ్రిటన్, రష్యా, ఫ్రాన్స్, టర్కీలన్నమాట. పేరు ‘సంధి కుదిరింది, 1856’. ఇందులో భార్య భర్తను ఆనుకుని ఉంది, ముఖంలో ఆ కాపలా చూపు లేదు. ఎఫీ అప్పుడు నిండు గర్భిణి, మే 30న తొలిచూలు కొడుకు పుట్టాడు. బొమ్మలతో చెప్పే ఆ పొడుపుకథల కంటే నాకు ఈ మార్పే ఎక్కువ. ఆ ఏటి సమీక్షలో రస్కిన్ ఈ చిత్రాన్ని ఆకాశానికెత్తాడు. తనను వదిలి వెళ్లిన మనిషి ముఖం అందులో ఉందని తెలిసి కూడా. ఆయన్ను తిట్టుకునేవాళ్లు ఈ సంగతి మరిచిపోకూడదు.

లోకం మాత్రం అంత పెద్దమనసు చూపలేదు. మొదటి పెళ్లి రద్దయిన ఆడదని విక్టోరియా రాణి ఎఫీని దగ్గరికి రానివ్వలేదు. మిలేకు ‘సర్’ బిరుదొచ్చింది, ఎనిమిదిమంది పిల్లలు పుట్టి పెరిగారు, ఆ తలుపు మాత్రం తెరుచుకోలేదు. 1896లో గొంతు క్యాన్సర్‌తో మాట పడిపోయి మంచాన ఉన్న మిలేను, నీ కోసం ఏం చేయమంటావని రాణి అడిగించింది. తన భార్యను పిలిచి చూడమని పలక మీద రాసిచ్చాడు. రాణి ఎఫీని పిలిపించింది. ఆ ఆగస్టు 13న మిలే కన్నుమూశాడు.