జపాన్ వంటలు ఇంట్లోనే.. హలాల్‌గా, తేలిగ్గా వండుకోవడం ఎలా?

టెరియాకి చికెన్, ఒయాకోడోన్, కర్రీ రైస్.. ఫోన్‌లో ఈ వీడియోలు చూసి ఇంట్లో చేసి పెట్టమని పిల్లలు అడుగుతుంటారు. పేర్లు కొత్తగా ఉన్నా వీటిలో చాలావరకు అరగంట, ముప్పావుగంటలో అయిపోయే వంటలే. చికెన్, కోడిగుడ్లు, ఉల్లిపాయ, అల్లం, బియ్యం అన్నీ మన ఇంట్లో ఉండేవే. అయితే ముస్లిం కుటుంబాలు ఒక విషయం గమనించాలి. చికెన్ హలాల్ షాపు నుంచి తెచ్చినంత మాత్రాన వంట హలాల్ అయిపోదు. ఇక్కడ అసలు చిక్కు మాంసంలో కంటే అందులో పోసే సీసాల్లోనే ఎక్కువ.

మిరిన్, సాకె అంటే ఏమిటి?

సాకె అంటే బియ్యాన్ని పులియబెట్టి తీసే మద్యం. మిరిన్ కూడా బియ్యంతో తయారయ్యేదే, తియ్యగా ఉంటుంది. అసలైన మిరిన్‌లో ఆల్కహాల్ దాదాపు 14 శాతం ఉంటుంది. జపాన్ రెసిపీల్లో ఈ రెండూ దాదాపు ప్రతి కూరలో కనిపిస్తాయి.

‘మరిగిస్తే ఆల్కహాల్ ఎగిరిపోతుంది కదా’ అని కొందరు అంటారు. అది పూర్తిగా నిజం కాదు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల ప్రకారం వంటలో కలిపి 15 నిమిషాలు ఉడికించినా దాదాపు 40 శాతం ఆల్కహాల్ మిగులుతుంది. గంట ఉడికించినా 25 శాతం ఉంటుంది. టెరియాకి సాస్ మరిగేది అయిదు నిమిషాలే. పైగా మద్యాన్ని వంటలో పోయడమే మనకు జాయిజ్ కాదు కాబట్టి ఎంత మిగిలిందన్న లెక్కతో పనే లేదు.

బదులుగా ఏం వాడాలి?

రెండు టేబుల్ స్పూన్ల మిరిన్ బదులు రెండు టేబుల్ స్పూన్ల నీళ్లలో రెండు టీ స్పూన్ల చక్కెర కరిగించి, కొన్ని చుక్కల సిర్కా కలిపితే సరిపోతుంది. సాకె వాడేది ఎక్కువగా నీచు వాసన పోవడానికి. ఆ పని అల్లం రసం చేస్తుంది.

జపాన్ వంటలకు రుచినిచ్చే మరో వస్తువు ‘దాషి’. కొంబు అనే సముద్రపు నాచు, ఎండబెట్టిన బొనిటో చేప పొరలతో చేసే పలుచటి రసం ఇది. ఆ నాచులో ఉన్న గ్లుటమేట్ వల్లే ఈ రుచి వస్తుందని 1908లో కికునాయే ఇకెడా అనే జపాన్ శాస్త్రవేత్త కనుక్కున్నారు. దానికి ‘ఉమామి’ అని పేరు పెట్టింది కూడా ఆయనే. దాషి దొరక్కపోతే చికెన్ ఎముకలతో మసాలా వేయకుండా చేసిన యఖ్నీ వాడొచ్చు. ఎండు పుట్టగొడుగులు నానబెట్టిన నీళ్లు కూడా బాగుంటాయి.

సోయా సాస్ సంగతి

నెలల తరబడి పులియబెట్టి చేసే సోయా సాస్‌లో సహజంగానే 2 శాతం వరకు ఆల్కహాల్ తయారవుతుంది. కొన్ని కంపెనీలు పాడవకుండా విడిగా కూడా కలుపుతాయి. సహజంగా ఏర్పడిన దాని విషయంలో ఉలమా మధ్య అభిప్రాయ భేదం ఉంది. హలాల్ సర్టిఫికెట్ ఉన్నది కొంటే ఏ పేచీ ఉండదు. అది దొరక్కపోతే మీరు నమ్మే ముఫ్తీ సాహెబ్‌ని అడగండి.

బీపీ ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఒక టేబుల్ స్పూన్ సోయా సాస్‌లో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజు మొత్తానికి 2000 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అందుకే ఈ వంటల్లో విడిగా ఉప్పు వేయకండి.

అన్నం ఎలా ఉండాలి?

బాస్మతి ఈ వంటలకు పనికిరాదు. జపాన్ బియ్యం పొట్టిగా ఉంటుంది, అన్నం ఒకదానికొకటి అతుక్కుంటుంది. కొత్త బియ్యం ముద్దవుతోందని మనం విసుక్కుంటాం కానీ ఇక్కడ అదే కావాలి. కొత్త సోనా మసూరిని అరగంట నానబెట్టి కొంచెం మెత్తగా వండితే చాలు.

టెరియాకి చికెన్ (నలుగురికి)

బోన్‌లెస్ చికెన్ అర కిలో తీసుకోండి. మూడు టేబుల్ స్పూన్ల సోయా సాస్, అయిదు టేబుల్ స్పూన్ల నీళ్లు, రెండు టేబుల్ స్పూన్ల చక్కెర, ఒక టీ స్పూన్ సిర్కా, ఒక టీ స్పూన్ అల్లం రసం కలిపి పక్కన పెట్టండి. పెనం మీద కొద్దిగా నూనె వేసి చికెన్‌ని రెండు వైపులా నాలుగైదు నిమిషాల చొప్పున కాల్చండి. లోపలి దాకా ఉడికాక సాస్ పోసి, చిక్కబడి ముక్కలకు పట్టేదాకా ఉంచండి. చక్కెర తొందరగా మాడుతుంది కాబట్టి మంట తగ్గించాలి.

ఒయాకోడోన్ (ఇద్దరికి)

చికెన్, గుడ్డు రెండూ కలిపి వండుతారు కాబట్టి దీనికి ‘తల్లీబిడ్డల గిన్నె’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ముప్పావు గ్లాసు యఖ్నీలో రెండు టేబుల్ స్పూన్ల సోయా సాస్, ఒక టేబుల్ స్పూన్ చక్కెర వేసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, 200 గ్రాముల చికెన్ చిన్న ముక్కలు ఉడికించండి. ఏడెనిమిది నిమిషాల తర్వాత మూడు గుడ్లు తేలిగ్గా గిలకొట్టి పైన పోసి మూత పెట్టండి. జపాన్‌లో గుడ్డు సగం ఉడగ్గానే దించేస్తారు. మన దగ్గర పూర్తిగా గట్టిపడ్డాకే దించడం మంచిది. వేడి అన్నం మీద వేసుకుని తినాలి.

జపాన్ కర్రీ (నలుగురికి)

కర్రీ జపాన్‌కు వెళ్లింది మెయిజీ కాలంలో (1868-1912), బ్రిటిష్ వాళ్ల ద్వారా. అంటే మూలం మన మసాలాలే. అక్కడ దీన్ని గోధుమపిండితో చిక్కగా, కొంచెం తియ్యగా మార్చుకున్నారు. మార్కెట్లో చాక్లెట్ బిళ్లలా దొరికే కర్రీ ముద్దల్లో చాలాసార్లు పశువుల కొవ్వు, కొన్నింటిలో పంది కొవ్వు ఉంటుంది. ఇంట్లో చేసుకోవడమే మేలు.

మూడు టేబుల్ స్పూన్ల వెన్నలో మూడు టేబుల్ స్పూన్ల మైదా వేసి, సన్నటి మంట మీద గోధుమ రంగు వచ్చేదాకా వేయించండి. పసుపు, ధనియాలు, జీలకర్ర, కొద్దిగా మెంతులు, మిరియాలు కలిపి కొట్టిన పొడి ఒకటిన్నర టేబుల్ స్పూన్ వేసి దించండి. మరో గిన్నెలో ఉల్లిపాయ, 400 గ్రాముల చికెన్, ఆలుగడ్డ, క్యారెట్ కొద్దిగా వేయించి, మూడు గ్లాసుల నీళ్లు పోసి ఉడికించండి. తురిమిన సగం ఆపిల్, ఒక టేబుల్ స్పూన్ సోయా సాస్, వేయించిన మైదా ముద్ద కలిపి పది నిమిషాలు ఉంచితే చిక్కటి కర్రీ రెడీ.

కొనేముందు ఇవి చూడండి

ప్యాకెట్ మీద ఉన్న ఆకుపచ్చ గుర్తు అది శాకాహారమని మాత్రమే చెప్తుంది, ఆల్కహాల్ లేదని చెప్పదు. మిరిన్, సాకె, లార్డ్, జెలటిన్, షార్టెనింగ్ అన్న మాటలు కనిపిస్తే ఆగి చదవండి. మిసో ముద్దలో కూడా కొన్ని కంపెనీలు ఆల్కహాల్ కలుపుతాయి. హోటల్‌లో తినేటప్పుడు ‘టోన్‌కత్సు’ అంటే పంది మాంసమని గుర్తుంచుకోండి. చికెన్ కత్సు వేరు, అయినా దేనితో కలిపి ఒకే నూనెలో వేయిస్తున్నారో అడగాలి.

మొదటిసారి చేసేవాళ్లు ఒయాకోడోన్‌తో మొదలుపెడితే సులువు. అన్నం వండి ఉంటే పావుగంట పని.