పూస గుచ్చిన చేతికీ పేరుంది

తాడిపత్రికి వచ్చినవాళ్లు బుగ్గ రామలింగేశ్వరాలయం, చింతల వెంకటరమణస్వామి ఆలయం చూడకుండా పోరు. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకుల ఏలుబడిలో లేచిన ఆ గుళ్లలో ఎటు చూసినా నగలే. రాతి స్త్రీల మెడల్లో హారాలు, నడుములకు వడ్డాణాలు, కాళ్లకు అందెలు. ఆ శిల్పాల మీద పుస్తకాలున్నాయి, ఫోటోలున్నాయి, గుడి కట్టించిన ప్రభువుల పేర్లున్నాయి.

ఇదే సీమలో దారానికి గుచ్చిన నగలు కూడా ఉన్నాయి. తాండాలో అవ్వ మెడలో, జాతరలో నేల మీద పరిచిన గుడ్డ మీద, బస్టాండులో చేతికి వేలాడే దండల గుత్తిలో అవి మనకు కనిపిస్తూనే ఉంటాయి. వాటి చరిత్రను మాత్రం ఎవరూ పాఠంగా చెప్పరు. రాయి పగలకుండా నిలుస్తుంది కాబట్టి దానికి చరిత్ర ఉందంటారు. దారం తెగుతుంది, పూసలు రాలుతాయి. మళ్లీ ఏరి, కొత్త దారానికి గుచ్చి, తల్లి కూతురికి ఇస్తుంది. ఇలా చేతి నుంచి చేతికి అందడమే పూసల నగ చరిత్ర. మన పిల్లలు, మన బడుల ఉపాధ్యాయులు తెలుసుకోవలసిన చరిత్ర ఇది.

పూస ఎంత పాతది?

తాడిపత్రికి ఉత్తరాన, బనగానపల్లె ప్రాంతంలో జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడి కొండచరియ కింద పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వినప్పుడు చిన్న చిన్న రాతి పనిముట్లతో పాటు సున్నపురాతితో, ఎముకతో చేసిన పూసలు దొరికాయి. అవి పదివేల ఏళ్లకు పైబడినవి. అప్పటికి వ్యవసాయం లేదు, కుండ లేదు, ఇనుము లేదు. వేటాడి, దుంపలు తవ్వుకొని బతికిన మనుషులు కూడా కూర్చుని ఒక ఎముక ముక్కను అరగదీసి, దానికి బెజ్జం వేశారు. కడుపు నిండాకే కళ పుడుతుందనేవాళ్లకు మన పక్క జిల్లా మట్టి ఇచ్చిన జవాబు ఇది.

గాజు పూస తర్వాత వచ్చింది. రెండు వేల ఏళ్ల కిందట పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో గాజు పూసలు తయారై ఓడల మీద ఆగ్నేయాసియా దాకా పోయాయి. ఆ పద్ధతి మన రాష్ట్రంలోనే, రేణిగుంట, శ్రీకాళహస్తి మధ్య ఉన్న పాపానాయుడుపేటలో ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా బతికి ఉంది. పూసల చరిత్రను జీవితమంతా పరిశోధించిన అమెరికన్ పండితుడు పీటర్ ఫ్రాన్సిస్ ఆ ఊరికి వచ్చి, ఆ కొలిమి పనిని చూసి రాశాడు. కరిగిన గాజు ముద్దను ఇనుప గొట్టానికి పట్టించి కొలిమిలో పెడతారు. బయటి నుంచి కొక్కెంతో లాగుతూ పోతే గాజు సన్నని గొట్టమై సాగుతుంది. దాన్ని ముక్కలుగా కొట్టి, బూడిదతో కలిపి మళ్లీ వేడి చేస్తే పదునైన అంచులు నునుపెక్కుతాయి. ఆ తర్వాత జల్లెడ పట్టి, ఏరి, గుత్తులుగా గుచ్చుతారు. చిటికెన వేలి గోరు మీద నాలుగైదు పట్టే పూస వెనుక ఇంత పని ఉంది.

సముద్రం లేని చోటికి గవ్వ ఎలా వచ్చింది?

ఇది తరగతిలో పిల్లలను అడగదగ్గ ప్రశ్న. సుగాలి తాండాలో పాత కాంచళినీ, ఫేటియానూ, తలమీద కుండ కింద పెట్టుకునే చుట్టకుదురునూ చూడండి. అన్నిటికీ గవ్వలుంటాయి. అనంతపురం జిల్లాకు సముద్రం లేదు. మరి గవ్వ ఎక్కడిది?

జవాబు మన పూర్వీకుల దారిలో ఉంది. సుగాలీలు, లంబాడీలు, బంజారాలు అని ఊరికో పేరుతో పిలిచే మనవాళ్లు ఎద్దుల మీద సరుకు మోసిన వర్తకులు. తీరం నుంచి ఉప్పును లోపలి పీఠభూమికి, అక్కడి ధాన్యాన్ని ఇంకో చోటికి వేల ఎద్దుల మందలతో తరలించారు. మొగలుల సైన్యాలకూ, తర్వాత మైసూరు యుద్ధాల్లో ఇంగ్లీషు సైన్యాలకూ ధాన్యం అందించింది వీళ్లే. మాల్దీవుల నుంచి వచ్చే గవ్వ ఆ కాలంలో చిల్లర నాణెంగా కూడా చెల్లింది. తిరిగే మనిషికి ఇనప్పెట్టె ఉండదు. సంపదను ఒంటి మీదే మోయాలి. అందుకే గవ్వ, వెండి, నాణెం, పూస, అద్దం ముక్క అన్నీ బట్టకూ మెడకూ చేరాయి. మన తల్లుల నగ వాళ్ల అందం, వాళ్ల బ్యాంకు, వాళ్లు నడిచిన దారి పటం. మూడూ ఒకటే.

నగకు మాట కూడా ఉంది. చెంపల పక్కన జుట్టుకు వేలాడే టోప్లి, ఘుగ్రి పెళ్లయిన స్త్రీకి గుర్తు. మెడకు హాంసలి, చేతులకు బలియా. ఈ పేర్ల పలుకు తాండా తాండాకూ కాస్త మారుతుంది. పూసల రంగులూ, వరసలూ చూసి ఆమె ఏ తాండా పిల్లో, ఎవరి చేతి పనో పోల్చగల పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. తల్లి తన కూతురికోసం ఏళ్ల తరబడి కుట్టి, గుచ్చి, దాచిపెట్టేది. అమ్మకానికి కాదు, సారెగా ఇవ్వడానికి. తోటి ఆడవాళ్లు మధ్యాహ్నపు నీడలో కూర్చుని తలా ఒక చెయ్యి వేసేవారు. నేర్పడం, పంచుకోవడం, పాట, కబురు అన్నీ ఆ నీడలోనే జరిగేవి.

1909లో ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి కలిసి తెచ్చిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో లంబాడీ స్త్రీల వేషం, గవ్వలు, గాజులు, నగల గురించి వివరంగా ఉంది. చదవాలి, పనికొస్తుంది. చదువుతూ ఒక సంగతి గమనించాలి: ఆ వర్ణనలో నగ ఉంది, దాన్ని చేసినామె మాట లేదు.

రైలు, కరువు, చట్టం

1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పును తన గుత్తకు తీసుకుంది. 1871లో బొంబాయి, మద్రాసుల మధ్య రైలు దారి కలిసింది. ఆ దారి తాడిపత్రి మీదుగానే పోతుంది. ఎద్దుల మంద వారాల తరబడి మోసే సరుకు కొద్ది రోజుల్లో చేరిపోయింది. వెంటనే 1876-78 నాటి మహా కరువు ఈ సీమను కబళించింది. బతుకుదెరువు పోయి తిరిగేవాళ్ల మీద చట్టం అనుమానం చూపు వేసింది. 1871లో పుట్టిన నేరస్థ తెగల చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలోకీ వచ్చింది. 1952 ఆగస్టు 31న అది రద్దయ్యేదాకా ఎన్నో సంచార తెగలు పోలీసు హాజరు పట్టీలో బతికాయి.

ఈ చరిత్రకూ పూసకూ సంబంధం ఏమిటి? కరువొచ్చినప్పుడల్లా ఒంటి మీది వెండి మొదట పోయింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని జిల్లా మనది. వేరుశనగ ఎండిన ఏడు తాకట్టుకు పోయిన హాంసలి చాలా ఇళ్లలో తిరిగి రాలేదు. దంతం మీద నిషేధం వచ్చాక చేతి బలియా ప్లాస్టిక్‌ది అయింది. వలస పోయిన చోట వేషం చూసి నవ్వుతారని చీర కట్టారు. కడకు మిగిలింది ఖరీదు తక్కువైన పూసల దండ. అమ్మినా డబ్బు రాదు కాబట్టి ఇంట్లో నిలిచింది. ఈ రోజు తాండాలో మనకు దొరికే చరిత్ర ఆధారాల్లో అదొకటి.

నల్లపూసలు ఎవరివి?

పూసల మాట వచ్చినప్పుడు ఇంకో తెగను మరిచిపోకూడదు. ఊళ్లో నక్కలవాళ్లు, పిట్టలోళ్లు అని పిలిచే వాగ్రి ప్రజలు. వాళ్ల వాగ్రిబోలి గుజరాతీకి దగ్గరి భాష. ఒకప్పుడు వేట, దానితో పాటు సూదులు, పిన్నులు, పూసల అమ్మకం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది. పూసే ప్రధాన ఆధారమైంది. ఇత్తడి తీగను పట్టకారుతో వంచి, ఒక్కో పూసకు ఒక్కో కొక్కెం వేసి గొలుసు అల్లడం చూడండి. కళ్లు జనం మీద ఉంటాయి, నోరు బేరమాడుతుంటుంది, వేళ్లు మాత్రం తప్పు చేయవు. కొలత, లెక్క, రంగుల పొందిక అన్నీ ఆ వేళ్లలోనే ఉన్నాయి. చదువు లేదని మనం అనేది ఎవరిని?

తెలుగు ఇళ్లలో పెళ్లయితే నల్లపూసలు కట్టాలి. అదొక వేడుక. ఎంతో కాలం ఊరూరా తిరిగి ఇంటి గుమ్మం దాకా పూసలు తెచ్చి ఇచ్చింది పూసలమ్మేవాళ్లే. మెడలో పూసకు మర్యాద, తెచ్చిన చేతికి గడప బయటే చోటు. చాలాకాలం కనబడని మనిషిని ‘నల్లపూసైపోయావే’ అంటాం. పూసను మోసుకొచ్చిన మనుషులు కూడా చరిత్ర పుస్తకాల్లో అట్లాగే నల్లపూసలైపోయారు.

2003లో సవరణ చట్టంతో నక్కల, కుర్వికరన్ పేర్లు ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు తెగల జాబితాలో చేరాయి. తమిళనాడులో అదే వాగ్రి మూలానికి చెందిన నరికురవర్లకు ఆ గుర్తింపు 2023 జనవరిలో గాని రాలేదు. సరిహద్దుకు ఇటూ అటూ ఒకే పూస గుచ్చినవాళ్ల మధ్య ఇరవై ఏళ్ల తేడా. కాగితం మీద గుర్తింపు వస్తే చదువుకు, ఇంటికి దారి పడుతుంది. కళాకారులన్న గుర్తింపు మాత్రం కాగితంతో రాదు.

సండూరు చెప్పే పాఠం

మనకు దగ్గరలోనే, బళ్లారి సీమలోని సండూరులో లంబాణీ స్త్రీలు దారి చూపారు. సండూరు కుశల కళా కేంద్రం అనే సంస్థ ద్వారా తాండాల ఆడవాళ్లు తమ కుట్టుపనిని బయటి ప్రపంచానికి అందించారు. సండూరు లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 2023 జూలైలో హంపీలో జి20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణీ కళాకారులు చేసిన 1755 పనులను ఒక్కచోట ప్రదర్శించారు. అది గిన్నిస్ రికార్డుకు ఎక్కింది.

ఇది గర్వించదగ్గ సంగతి. దీనిలో రెండు పాఠాలున్నాయి. ఒకటి, తాండా ఆడవాళ్లు ఒక్కొక్కరుగా బేరమాడితే దళారి ధర చెబుతాడు, కలిసి నిలిస్తే వాళ్లే ధర చెబుతారు. రెండు, గుర్తింపు ఊరి పేరుకు వచ్చినా, పని చేసినామె పేరు దాని వెంట పోవాలి. దేశ విదేశాల మ్యూజియాల్లో పాత బంజారా పనులున్నాయి. చీటీ మీద తెగ పేరుంటుంది, ప్రాంతం ఉంటుంది, కాలం ఉంటుంది. చేసినామె పేరు సాధారణంగా ఉండదు. ఇక ముందు తయారయ్యే వాటికైనా ఆ లోటు ఉండకూడదు.

మనం చేయగలిగింది

ఉపాధ్యాయులు ఒక పీరియడ్ కేటాయిస్తే చాలు. పిల్లలు ఇంట్లో ఉన్న పాత నగ ఒకదాని గురించి అడిగి రాసుకు రావాలి. దాని పేరు మన బోలిలో ఏమిటి, ఎవరు చేశారు, ఎవరు ఎవరికి ఇచ్చారు, పూసలు ఎక్కడ కొన్నారు, ఎన్నిసార్లు తిరిగి గుచ్చారు. గోర్‌బోలి మాటైనా, వాగ్రిబోలి మాటైనా తెలుగు లిపిలో ఎట్లా వినబడితే అట్లా రాయాలి. ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే ఫోటో తీయాలి. నగను బడికి తెమ్మని అడగవద్దు, పోతే తిరిగి రాదు. ముప్పై మంది పిల్లలు రాస్తే అది ముప్పై ఇళ్ల చరిత్ర.

యువతకు ఒక మాట. పూస గుచ్చడం నేర్చుకోండి. నేర్చుకున్నది ఇంకొకరికి నేర్పండి. అవ్వ దగ్గర నేర్చిన నమూనాను అవ్వ పేరుతోనే చెప్పండి. దానికి మీరు కొత్త రంగు కలిపితే అది మీ పేరు. అమ్మేటప్పుడు పూసల ఖర్చు ఒక్కటే లెక్క వేయకండి. ఆ దండకు ఎన్ని పూటలు పట్టాయో రాసి పెట్టుకోండి. ఊళ్లో ఒక పూట కూలి ఎంతో మీకు తెలుసు. ఆ కూలి కూడా రాని ధరకు ఇస్తే మన చేతి విలువను మనమే తగ్గించినట్టు. స్నేహితురాలికి, ఆడబిడ్డకు ఊరికే ఇవ్వండి, అది మన ఆచారం. దళారికి మాత్రం ఊరికే ఇవ్వకండి.

అమ్మినా, ఇచ్చినా, ప్రతి దండకూ చిన్న చీటీ కట్టండి. దాని మీద మూడు మాటలు చాలు: చేసినవారి పేరు, తాండా లేదా కాలనీ పేరు, సంవత్సరం. దారం ఎప్పుడో తెగుతుంది. తిరిగి గుచ్చేవాళ్లకు ఆ చీటీ దొరికితే, మొదట గుచ్చింది ఎవరో తెలుస్తుంది.