బ్రోకరు అడగని ప్రశ్న

రెండేళ్ళ క్రితం తుర్కయంజాల్‌లో మా ఇంటి పై పోర్షను ఖాళీ అయింది. గేటుకి టులెట్ బోర్డు కట్టి, సాగర్ రోడ్డు మీద రేకుల షెడ్డులో కూర్చునే బ్రోకరు చెవిన కూడా ఓ మాట వేశా. అద్దె ఎంత, నీళ్ళెలా అని అడుగుతాడనుకున్నా. "ఎవరైనా పర్లేదా సార్, లేక..." అని ఆ 'లేక' దగ్గర ఆగాడు. "మంచి ఫ్యామిలీ అయితే చాలు" అన్నా. నేను ఏ కులం పేరూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. ఇద్దరికీ అర్థమైపోయింది.

ఈ సంగతి ఫ్రీమాంట్‌లో ఉండే మా కాలేజీ మిత్రుడికి చెబితే పడీపడీ నవ్వాడు. వాడు పగలు కోడింగు, వారాంతాల్లో రియల్ ఎస్టేట్. "ఇక్కడ ఆ 'లేక' అన్నానంటే నా లైసెన్సు గోవిందా" అన్నాడు. వాడి తిప్పలు వేరే. ఇల్లు కొనడానికొచ్చే మన తెలుగువాళ్ళు తూర్పు ఫేసింగ్ తర్వాత అడిగే రెండో ప్రశ్న "మనవాళ్ళు ఎక్కువగా ఉండే కమ్యూనిటీ ఏది?" అనే. దానికి జవాబు చెప్పకూడదని వాడికి క్లాసులో నేర్పారు. జాతిని బట్టి మనిషిని ఓ పేట వైపు తోలడాన్ని అక్కడ 'స్టీరింగ్' అంటారు. కొనేవాడే నోరు తెరిచి అడిగినా సరే, తప్పు తప్పే.

కాలిఫోర్నియాలో 2023 జనవరి నుంచి లైసెన్సు రెన్యువల్ కోర్సుల్లో ఇంప్లిసిట్ బయాస్ పాఠం వచ్చి చేరింది. ఫెయిర్ హౌసింగ్ క్లాసులో అయితే నాటకం కూడా వెయ్యాలి, ఓసారి ఏజెంటుగా, ఓసారి ఇల్లు వెతుక్కునేవాడిగా. న్యూయార్కులో 2022 సెప్టెంబరు నుంచి బయాస్ మీద రెండు గంటలు, కల్చరల్ కాంపిటెన్సీ మీద ఇంకో రెండు గంటలు. అమెరికా వాళ్ళు పుట్టుకతోనే అంత మంచివాళ్ళా అని అడగబోతున్నారా? ఆగండి.

1924లో వాళ్ళ రియల్ ఎస్టేట్ బోర్డుల జాతీయ సంఘం ఓ నీతి నియమావళి రాసుకుంది. ఎవరు వస్తే పేటలో ఆస్తుల విలువ పడిపోతుందో అలాంటి జాతివాళ్ళని అక్కడికి తీసుకురాకూడదని అందులో 34వ నియమం. చదువుకున్నవాళ్ళు కమిటీ వేసి, వేరు చేయడమే నీతి అని అచ్చేశారన్నమాట! 1950లో జాతి అనే మాట తీసేశారు కానీ అలవాటు పోలేదు. 1963లో కాలిఫోర్నియా ఇళ్ళ వివక్షకి వ్యతిరేకంగా రమ్‌ఫర్డ్ చట్టం తెస్తే, 1964లో రియల్టర్ల సంఘమే ముందుండి ప్రొపొజిషన్ 14 పేరుతో ఓటింగు పెట్టించి దాన్ని ఓడించింది. 1967లో సుప్రీంకోర్టు ఆ ప్రొపొజిషన్ని కొట్టేసింది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది. 1965 వలస చట్టం తర్వాత అక్కడికెళ్ళిన మనవాళ్ళలో చాలామంది సొంతిల్లు కొనుక్కునే నాటికి ఈ గొడవంతా నల్లవాళ్ళు పడి, దెబ్బలు తిని, ముగించి పెట్టారు. మనవాళ్ళు వెళ్ళి తాళంచెవి తీసుకున్నారు. 'మనవాళ్ళు ఎక్కడ' అని అడిగేవాళ్ళకి ఈ కథ ఎవరైనా చెబితే బాగుండు.

వివక్ష వద్దంటూ సంఘమే 1998లో 'ఎట్ హోమ్ విత్ డైవర్సిటీ' అనే కోర్సు పెట్టింది. తర్వాత దాదాపు ఇరవయ్యేళ్ళకి న్యూస్‌డే పత్రిక లాంగ్ ఐలాండ్‌లో ఏజెంట్లని రహస్యంగా పరీక్షించింది. ఒకే జీతం, ఒకే రకం కుటుంబం, రంగు మాత్రం వేరు, ఇలాంటి జంటల్ని పంపింది. 2019లో ఫలితాలు అచ్చయ్యాయి. నల్లవాళ్ళకి 49 శాతం పరీక్షల్లో, ఆసియావాళ్ళకి 19 శాతం పరీక్షల్లో తేడా కనబడింది. వీళ్ళంతా క్లాసులకెళ్ళి సర్టిఫికెట్లు తెచ్చుకున్నవాళ్ళే. పాత పాపాలకి జాతీయ సంఘం క్షమాపణ చెప్పింది 2020 నవంబరులో.

మా వృత్తి భాషలో చెప్పాలంటే, ట్రైనింగు అనేది డాక్యుమెంటేషన్ లాంటిది. బగ్ దొరకాలంటే టెస్టింగే కావాలి. ఆ సంగతి అక్కడి కోర్టుకి 1982లోనే తెలుసు. వర్జీనియాలో హేవెన్స్ రియల్టీ అనే సంస్థ నల్ల టెస్టరుకి ఇళ్ళు లేవని, తెల్ల టెస్టరుకి ఉన్నాయని చెప్పింది. ఆవిడ నిజంగా ఇల్లు తీసుకోదల్చుకోకపోయినా, అబద్ధం చెప్పించుకున్నందుకే దావా వేసే హక్కు ఉందని సుప్రీంకోర్టు తేల్చింది. నాకైతే వంద క్లాసులకంటే ఈ ఒక్క తీర్పే బలమైనదనిపిస్తుంది.

మన దగ్గర చట్టం అసలే లేదనుకోకండి. అంటరానితనం పేరుతో ఓ పేటలో కాపురం ఉండనివ్వకపోవడం 1955 నాటి చట్టం ప్రకారమే నేరం. వెంకయ్యనాయుడు గారు మంత్రిగా ఉండగా 2016లో వచ్చిన రెరా చట్టంతో ప్లాట్లు అమ్మే ఏజెంట్లకి రిజిస్ట్రేషన్ వచ్చింది. కానీ అది ప్రాజెక్టుల అమ్మకాల గురించి. టులెట్ బోర్డు బ్రోకరు దాని కంట పడడు. టెస్టర్లని మాత్రం మనవాళ్ళూ పంపారు. సుఖదేవ్ థోరట్, మరికొందరు పరిశోధకులు ఢిల్లీ చుట్టుపక్కల ఫోన్లు చేయించి, మనుషుల్ని పంపి, అద్దెకి అడిగించారు. అగ్రకులం పేరుకి దొరికిన ఇల్లు దళితుల పేరుకి, ముస్లిం పేరుకి చాలాసార్లు దొరకలేదని 2015లో ప్రచురించారు.

హైదరాబాదులో అలాంటి పరీక్ష ఒకటి నాకు తెలియకుండానే జరిగిపోయింది. ఆఫీసులో నా పక్క టీం కుర్రాడు ఎల్బీనగర్ దాటాక ఇల్లు వెతుకుతున్నానని క్యాంటీన్లో చెప్పాడు. సాగర్ రోడ్డు మీద ఓ బ్రోకరు ఫోన్లో పూర్తి పేరు అడిగాడట, తర్వాత ఊరు అడిగాడట, ఊళ్ళో ఇల్లు ఏ వైపు అని కూడా అడిగాడట. చివరికి "అయ్యో, నిన్ననే అడ్వాన్సు ఇచ్చేశారు సార్" అన్నాడట. వీధి, గేటు రంగు, పై పోర్షను, అన్నీ చెప్పాడు.

అప్పటికి నాకు ఎవరూ అడ్వాన్సు ఇవ్వలేదు. ఆ తర్వాత మూడు వారాలు పోర్షను ఖాళీగానే ఉంది. "ఈ బ్రోకర్లంతా ఇంతే" అని కాఫీ కప్పు డస్ట్‌బిన్లో వేసి లేచాను. అది మా ఇల్లేనని ఆ అబ్బాయికి ఇంతవరకూ చెప్పలేదు.