క్లచ్చు పుట్టుపూర్వోత్తరములు

గతమాసమున నేనును మా మేనల్లుడును పొరుగింటివారి కారును ఎరువు తెచ్చుకొని, రాజమహేంద్రవరమునుండి రంపచోడవరముమీదుగా మారేడుమిల్లి కనుమ నెక్కితిమి. మనము డెల్టావారము, మన మెఱిగిన యెత్తు కాలువగట్టే. ముందు లారీ లాగినప్పుడెల్ల మావాడు హాండుబ్రేకు వేయక, క్లచ్చును సగము త్రొక్కిపట్టి, ఇంజను బలముతోనే బండిని ఏటవాలున నిలుపుచు వచ్చెను. కొంతసేపటికి కాలిన వాసన కొట్టినది. ఆ కారును బాడుగకు త్రిప్పియే దాని యజమాని కుటుంబమును పోషించుకొనుచున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వ్యాకరణము చెప్పుకొన్నవాడను గనుక, ధాతువు తెలియనిదే పదమును పట్టుకొను నలవాటు లేదు. మఱునాడే క్లచ్చు పుట్టుకను వెదకితిని.

పెట్రోలు ఇంజను ఆవిరియంత్రమువలె నిలిచినచోటునుండి బరువు లాగజాలదు. ముందు తాను తిరుగుచుండవలెను. తిరుగుచున్నదానిని నిలిచియున్నదానితో మెల్లగా కలుపు మధ్యవర్తియే క్లచ్చు. 1886లో జర్మనీలో కారల్ బెంజి పేటెంటు పొందిన మూడుచక్రముల బండిలో నీ పనిని బెల్టు చేసెను. వట్టిగా తిరుగు కప్పీమీదినుండి బెల్టును పనికప్పీమీదికి జరిపినచో బండి కదలెడిది. మన బియ్యపుమిల్లులలోను ఈ యుపాయమును పెద్దలు చూచియే యుందురు.

పిమ్మట, గరాటిలో గరాటి దిగినట్లు, ఒకదానిలో నొకటి బిగియు క్లచ్చులు వచ్చెను. వానికి తోలు తొడిగెడివారు. తోలు ఎండినచో చటుక్కున పట్టి బండి యెగిరిపడును. నూనె మీఱినచో జాఱును. దానిని మెత్తపఱచుటకు ఆముదము రాచుటయు కలదు! మన యింటి మందు దొరల మోటార్లకును పనికివచ్చినదన్నమాట.

ఈ చిక్కును విప్పుటకు దారి గుఱ్ఱపుబండ్లనుండి దొరకెను. ఇంగ్లాండున డెర్బీషైరు కొండదారులలో బండివాండ్రు బ్రేకుదిమ్మెలకు పాతబూట్ల తోలు తగిలించుకొనుట చూచి, హెర్బర్టు ఫ్రూడు అనునతడు 1897లో రాపిడి కోర్చు పట్టీలను చేయ నారంభించెనని చెప్పుదురు. తరువాత వానియందు ఆస్బెస్టాసను రాతినార చేరెను. పళ్లెమునకు రెండువైపుల నిట్టి పట్టీని అంటించి, స్ప్రింగులచే ఫ్లైవీలున కదిమిపట్టు పొడిక్లచ్చు 1920ల తరువాత వ్యాపించెను. రాతినార ధూళి ఊపిరితిత్తులను చెఱుచుటచే పెక్కుదేశములు దానిని విడిచినవి. క్లచ్చు రూపము మాత్రము మాఱలేదు.

ఇంజనును, గేరుపండ్లను కాచుటకు తానరుగుటకే ఆ పట్టీ పుట్టినది. క్లచ్చు పూర్తిగా పట్టియున్నచో పళ్లెమును ఫ్లైవీలును ఒకటియై తిరుగును. ఎంత వడిగా పోయినను నడుమ రాపిడి లేదు. చేటంతయు సగము త్రొక్కుటలో నున్నది. అప్పుడు జాఱిన బలము వేడిమియై, పట్టీలోని జిగురు కాలి కంపుకొట్టును. ఒకమాఱు కాలి చల్లాఱినది తేఱుకొనవచ్చును. మాటిమాటికి కాలినచో పట్టీ అద్దమువలె నునుపెక్కి పట్టు విడుచును.

షెడ్డులోని మేస్త్రి యొక పరీక్ష చెప్పెను. ధవళేశ్వరము వైపు చదునుబాటను పై గేరులో మెల్లగా పోవుచు యాక్సిలరేటరు గట్టిగా త్రొక్కితిమి. ఇంజను మోత పెరిగి వేగము పెరుగకున్నచో క్లచ్చు జాఱుచున్నట్లు. మాకు రెండును కలిసియే పెరిగినవి.

అయినను కారు అప్పగించునపుడు కనుమలో జరిగినది దాచక చెప్పితిని. యజమాని తాళము పుచ్చుకొని, మా మేనల్లుని వైపు చూచి, “ఎడంకాలు పెడలు మీదే ఉంచుతావా బాబూ?” అని యడిగెను. వాడు తల వంచుకొనెను.