లైబ్రరీకి వెల లేదు, షరతు కలదు

కంప్యూటరు పరిభాషలో లైబ్రరీ అనగా పుస్తకాలయము కాదు; ఒకరు వ్రాసి ఉంచగా ఇతరులు తమ ప్రోగ్రాములలో కలుపుకొను సిద్ధభాగము. సమాచారమును క్రమముగా దాచి, అడిగినంతనే తీసియిచ్చుట డేటాబేస్ లైబ్రరీ పని. పాలలో కలిసిన తోడును మరల వేరుచేయుట ఎంత కష్టమో, ప్రోగ్రాములో కలిసిన లైబ్రరీని తొలగించుటయు అంత కష్టము. కనుక దాని లైసెన్సును ముందుగానే చదువవలెను.

ఇందుకు బర్క్లీ డీబీ చరిత్ర మంచి నిదర్శనము. 1990 దశకపు ఆరంభమున ఇది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ శాఖలో పుట్టినది. అప్పటి బీఎస్‌డీ లైసెన్సు మిక్కిలి ఉదారమైనది. కర్తల హక్కుల ప్రకటనను నిలిపియుంచవలెను. తన ప్రోగ్రాము సోర్స్ కోడును, అనగా మనుష్యులు చదువగల మూలరూపమును, వ్యాపారి దాచుకొనవచ్చును.

1996లో నెట్‌స్కేప్ సంస్థ దీనికి మెరుగులు కోరగా, కర్తలైన మార్గో సెల్ట్‌జర్, కీత్ బోస్టిక్ స్లీపీక్యాట్ అను సంస్థను స్థాపించిరి. అటుపై వెలువడిన కూర్పులకు షరతు మారినది. దీనిని కలుపుకొన్న ప్రోగ్రామును ఇతరులకు పంచువారు తమ సోర్స్ కోడును కూడ అందుబాటులో ఉంచవలెను. అది ఇష్టము లేనివారు రుసుము చెల్లించి వేరొక లైసెన్సు కొనవలెను. తన సంస్థలోనే వాడుకొనువానికి ఈ చిక్కు లేదు, ఇతరులకు పంచువానికే కలదు.

2006లో ఒరాకిల్ ఈ సంస్థను కొన్నది. 2013లో 6.0 కూర్పును ఏజీపీఎల్ లైసెన్సు క్రిందికి మార్చినది. ఈ లైసెన్సు ప్రకారము, మార్పుచేసిన ప్రోగ్రామును పంచకపోయినను, నెట్‌వర్కుపై ఇతరులచే వాడించినచో వారికి సోర్స్ కోడు ఇవ్వజూపవలెను. ఫలితముగా డెబియన్ వంటి పంపిణీలు పాత 5.3 కూర్పుతోనే ఆగిపోయినవి. లైబ్రరీ పనితనము తగ్గలేదు, షరతు బరువెక్కినది.

ఇంతలో మరొక దారి ఏర్పడినది. 2000లో రిచర్డ్ హిప్ ఎస్‌క్యూలైట్‌ను వెలువరించెను. తొలి కూర్పు సమాచారమును దాచుటకు జీడీబీఎం అను లైబ్రరీపై ఆధారపడెను. దానికి జీపీఎల్ లైసెన్సు, అనగా కలుపుకొని పంచువారు తమ మూలమును కూడ ఇవ్వవలెనను నియమము కలదు. 2001లో హిప్ ఆ భాగమును స్వయముగా వ్రాసి, లావాదేవీలను అర్ధాంతరముగా చెడనీయని శక్తిని కల్పించెను. జీపీఎల్ బంధమును తొలగినది. తన రచనపై హక్కులన్నిటిని వదలుకొని ఆయన దానిని ప్రజలపరము చేసెను. నేడు అది చేతి ఫోనులలో, బ్రౌజరులలో పనిచేయుచున్నది.

వింత యేమనగా, ఈ ఉచితమునకు సైతము కొన్ని సంస్థలు వ్రాతపూర్వకమైన హామీ కోరును. అట్టివారికి హిప్ సంస్థ రుసుముపై హక్కుపత్రము ఇచ్చుచున్నది. వేగము, పరిమాణము లెక్కించు ఇంజనీరు షరతులను కూడ లెక్కించవలెను.