మన పేరు పెట్టి పిలిచిన రోగం



మెట్‌పల్లిలో చదువుకునే ఒక తమ్ముడు మొన్న అడిగిండు: "అన్నా, ఆరోగ్యం మీద ప్రాజెక్టు చెయ్యమన్నరు. మనోళ్ల గురించి సమాచారం యాడ దొరుకుతది?" ఫోన్‌ల ఎంత వెతికినా షుగరు, బీపీ, డెంగీనే వస్తున్నయట. సమాచారం ఉన్నది తమ్మీ, కాకపోతే ఒక్క కాడ లేదు. ఒక రోగం చరిత్రను పట్టుకొని ఎట్ల వెతకాలో చూద్దాం.

ఆ రోగం పేరు యాజ్. మన దేశంల దీన్ని గోండి రోగం, కోయ రోగం, మాడియా రోగం అని కూడా పిలిచిండ్రు. ఎవరికి వచ్చిందో వాళ్ల తెగ పేరే రోగానికి పెట్టిండ్రన్నమాట. నిజానికి ఇది రక్తంలోనో, వంశంలోనో వచ్చేది కాదు. ఒక బ్యాక్టీరియా వల్ల వస్తది. పుండు ఉన్న పిల్లల చర్మం తగిలితే ఇంకొకరికి అంటుతది. ఎక్కువగా 15 ఏండ్లలోపు పిల్లలకే వస్తది. మందు పడకుంటే ఏండ్లు గడిచినంక ఎముకలు దెబ్బతిని మనిషి వికారమైతడు. దీనికి మందు ఏంటిదంటే, ఒక్క పెన్సిలిన్ సూది!

ఒక్క సూదితో పోయే రోగం మన గూడేల్లో అన్నేండ్లు ఎందుకున్నది? రోడ్డు ఆగిపోయిన కాడ యాజ్ మొదలైతదని డాక్టర్లలో ఒక మాట ఉన్నది. నీళ్లు, సబ్బు, దవాఖాన అందని చోటనే అది బతికింది. 1952 నుంచి 1964 దాకా ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 46 దేశాల్లో పెన్సిలిన్ ఇప్పిస్తే రోగం చాలా వరకు తగ్గింది. తర్వాత పట్టించుకునుడు తగ్గింది, రోగం మళ్ల లేచింది. మన దేశంల 1996-97లో ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో నిర్మూలన కార్యక్రమం మొదలైంది. తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా 10 రాష్ట్రాలకు పోయింది. సిబ్బంది ఇల్లిల్లు తిరిగి పిల్లల ఒంటిమీద పుండ్లు చూసిండ్రు, సూదులు వేసిండ్రు. చివరి కేసు 2003లో వచ్చింది. 2016 మే నెలలో భారతదేశం యాజ్ లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అట్ల గుర్తింపు పొందిన మొదటి దేశం మనదే.

ఇగ ప్రాజెక్టుకు ఆధారాలు. మొదటిది మన ఇంట్లనే ఉన్నది. అవ్వను, తాతను కూర్చోబెట్టి అడుగు: చిన్నప్పుడు పుండ్ల రోగం చూసిండ్రా, ఏం పేరుతో పిలిచిండ్రు, ఏ ఆకు కట్టిండ్రు, సూది ఎవరు వేసిండ్రు? వాళ్లు ఒప్పుకుంటేనే రాసుకో. రోగం వచ్చినవాళ్ల పేరు మాత్రం రాయకు.

రెండోది ఊళ్లె ఆశా కార్యకర్త, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. గోదావరి అవతల ఖానాపూర్, ఉట్నూర్ దిక్కు చుట్టాలుంటే అక్కడ కూడా అడుగు. ఉట్నూర్‌లో ఐటీడీఏ ఉన్నది.

మూడోది పాత పుస్తకాలు. 1940లో కొమురం భీం అమరుడైనంక నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను మన అడవులకు పంపింది. మార్లవాయిలో ఉండి ఆయన రాసిన 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' 1948లో అచ్చయింది. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నయి. వాటిల ఇండ్లు, పిల్లల బట్టలు జర చూడు. రోగం ఎట్ల పాకుతదో తెలిసినంక ఆ ఫొటోలు వేరేగా కనబడతయి.

ఒక్క జాగ్రత్త. ఈ పుస్తకాలు బయటోళ్లు మనల్ని చూసి రాసినవి. వాటిల ఉన్నది, అవ్వ చెప్పింది రెండూ పక్కపక్కన పెట్టు. కలవని కాడనే నీ అసలు ప్రశ్న దొరుకుతది.

రోగం పోయింది కానీ, అది చూసిన పెద్దలు కూడా ఒక్కొక్కరు పోతున్నరు. వాళ్లు చెప్పేది ఏ రిజిస్టరులో రాసిలేదు. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకపోండ్రి.

జై సేవా.