ఒకటి నుంచి ఏడు దాకా: ఫ్రిజ్ నాబ్ పుట్టుపూర్వోత్తరాలు

చాలా ఫ్రిజ్‌లలో ఒకటి నుంచి ఏడు దాకా అంకెలున్న నాబ్ ఒకటి ఉంటుంది. నాలుగు మీద పెడితే లోపల నాలుగు డిగ్రీలని అనుకునేవాళ్లు చాలామంది. ఆ అంకెకూ డిగ్రీలకూ సంబంధం లేదు. నాబ్ తిప్పితే మారేది దాని వెనకున్న చిన్న స్ప్రింగు బిగువు మాత్రమే. ఆ స్ప్రింగు వెనక దాదాపు నాలుగు వందల ఏళ్ల కథ ఉంది. విచిత్రమేమిటంటే, ఆ కథ నిప్పుతో మొదలైంది.

17వ శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లండులో స్థిరపడిన డచ్చివాడు కార్నెలిస్ డ్రెబెల్ కోడిగుడ్లు పొదిగే పెట్టె ఒకటి తయారుచేశాడు. కింద నిప్పు, చుట్టూ నీళ్లు, లోపల ఆల్కహాలూ పాదరసమూ పోసిన గొట్టం. వేడి ఎక్కువైతే ఆల్కహాలు వ్యాకోచించి పాదరసాన్ని నెట్టేది. దానితోపాటు ఒక కడ్డీ కదిలి గాలిదారిని మూసేది. గాలి అందక నిప్పు తగ్గేది. చల్లబడితే దారి మళ్లీ తెరుచుకునేది. మనిషి కాపలా అక్కర్లేదు. నన్నడిగితే ఫ్రిజ్ మూలపురుషుల్లో మొదట చెప్పుకోవలసింది ఇతన్నే. చల్లదనం పుట్టించడం ఒక విద్య అయితే, ఎక్కడ ఆగాలో యంత్రానికి నేర్పడం అంతకన్నా కష్టమైన విద్య.

1830లో స్కాట్లండు రసాయనవేత్త ఆండ్రూ యూర్ మరో దారి పట్టాడు. రెండు వేర్వేరు లోహపు రేకుల్ని అతికిస్తే, వేడికి ఒకటి ఎక్కువ సాగుతుంది, ఇంకొకటి తక్కువ సాగుతుంది, దాంతో జంట రేకు వంగుతుంది. ఆ వంపుతో వేడిని అదుపు చేసే సాధనానికి ఆయన పేటెంటు తీసుకుని, థర్మోస్టాట్ అని పేరు పెట్టాడు. జంట రేకు ఇప్పటికీ ఫ్రిజ్‌లలో పనిచేస్తూనే ఉంది. కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడు కంప్రెసర్ దగ్గర టక్కుమనేది అదే. గ్యాస్ పీడనం ఇంకా సర్దుకోక, మోటారు తిరగలేక వేడెక్కుతుంటే, ఆ రేకు వంగి కరెంటు ఆపేస్తుంది. మెకానిక్కులు దాన్ని ఓవర్‌లోడ్ అంటారు.

అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన మంచు దిమ్మల్ని దాచడానికి 1842లో మద్రాసు సముద్రతీరాన ఐస్‌హౌస్ కట్టారు. ఆ రోజుల్లో మంచు ఎంత చల్లదనం ఇస్తే అంతే. ఎక్కువ తక్కువలు మన చేతిలో లేవు. 1910ల్లో అమెరికాలో కరెంటు ఫ్రిజ్‌లు వచ్చాయి. తనంతట తానే ఆగి, తానే నడిచే ఏర్పాటున్న తొలి ఇంటి ఫ్రిజ్‌లలో 1918 నాటి కెల్వినేటర్ ఒకటి. ఆ తర్వాత స్థిరపడిన పద్ధతి ముచ్చటైనది. సన్నటి లోహపు గొట్టంలో చలిలోనూ ఆవిరయ్యే ద్రవం నింపుతారు. ఒక కొస ఫ్రీజర్ రేకుకు ఆనుకుని ఉంటుంది, రెండోది నాబ్ వెనకున్న చిన్న లోహపు తిత్తిలోకి వెళ్తుంది. రేకు వేడెక్కితే తిత్తి ఉబ్బి, స్ప్రింగును తోసి స్విచ్చి కలుపుతుంది. చల్లబడితే ముడుచుకుంటుంది, కంప్రెసర్ ఆగిపోతుంది. సనత్‌నగర్‌లో తయారై ఎన్నో తెలుగు ఇళ్లకు చేరిన ఆల్విన్ ఫ్రిజ్‌ల కాలమంతా ఈ తిత్తిదే రాజ్యం. పెద్ద అంకె పెడితే త్వరగా చల్లబడుతుందనే నమ్మకం కూడా అప్పటిదే. పాతరకం కంప్రెసర్‌కు ఉన్నది ఒకటే వేగం. అంకె పెంచితే అది ఆలస్యంగా ఆగుతుంది, అంతే.

ఈ ఏర్పాటులో ఒక లోపం ఉంది. గొట్టానికి తెలిసేది తాను తాకిన రేకు సంగతే, పెరుగు గిన్నె సంగతి కాదు. అందుకే పై అరలో పాలు గడ్డకడుతుంటే, తలుపు అరలో ఉన్నవి అంత చల్లబడవు. మంచు పేరుకుంటే తేడా ఇంకా పెరుగుతుంది. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లలో ఫ్యాను చల్లగాలిని అన్ని అరలకూ తిప్పి ఈ తేడాను తగ్గించింది. పైగా వాటిలో చాలావాటికి రెండు నాబ్‌లు ఉంటాయి. ఒకటి కంప్రెసర్‌ను ఆడిస్తే, రెండోది గాలిదారిని వెడల్పు చేస్తుంది లేదా ఇరుకు చేస్తుంది. గాలిదారికి మూత! డ్రెబెల్ చూసి ఉంటే వెంటనే పోల్చుకునేవాడు.

ఇప్పుడు తిత్తి స్థానంలోకి థర్మిస్టర్ వచ్చింది. చల్లబడేకొద్దీ కరెంటును ఎక్కువగా అడ్డుకునే చిన్న పూస అది. దాన్ని గాలి తగిలే చోట పెట్టవచ్చు, రెండు మూడు చోట్ల పెట్టవచ్చు. ఇన్వర్టర్ కంప్రెసర్ ఆగడం, మొదలవడం తగ్గించి వేగం మార్చుకుంటూ నడుస్తుంది కాబట్టి ఎగుడుదిగుడులు కూడా తగ్గాయి.

పాత ఫ్రిజ్ ఉన్నవాళ్లు నిరాశపడనక్కర్లేదు. గ్లాసుడు నీళ్లలో థర్మామీటరు ఉంచి, మధ్య అరలో ఒక రాత్రంతా పెట్టండి. తలుపు తీయగానే గాలి వేడి మారుతుంది కానీ నీళ్ల వేడి అంత తొందరగా మారదు. పొద్దున్నే అయిదు డిగ్రీలకు మించి చూపిస్తే నాబ్‌ను ఒక్క అంకె పెంచి, మళ్లీ ఒక రోజు ఆగి చూడండి. నీళ్లు మూడు, నాలుగు డిగ్రీల దగ్గర నిలిచిన అంకె పక్కన పెన్నుతో గీత పెట్టుకోండి. ఎండాకాలం రాగానే మరోసారి కొలవండి.